ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్: ఫైళ్లను అటూ ఇటూ చేర్చడం ఎలా?

కాజీపేటలో గది తీసుకుని ఇంజినీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు ఒక ఆదివారం ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని హనుమకొండలోని మా డీటీపీ సెంటర్‌కు వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది.

“మామా, ఉబుంటులోంచి సీ డ్రైవ్ తెరుచుకుంటోంది, ఫైళ్లన్నీ కనిపిస్తున్నాయి. కానీ ఒక్కటి కూడా పేస్ట్ కావడం లేదు. డిస్కు పోయిందా?”

“నిన్న రాత్రి విండోస్‌ను ఎలా ఆపావు?”

“మామూలుగానే. షట్‌డౌన్ చేశాను.”

“నువ్వు చేశావు, అది కాలేదు” అన్నాను.

విండోస్, ఉబుంటు అనే లినక్స్ రకం, ఇలా రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉన్న కంప్యూటర్‌లో ఫైళ్ల గొడవలు నా దగ్గరికి చాలానే వస్తుంటాయి. వాటిలో ఎక్కువ వాటికి మూలం ఇదే. కాపీ చేయడం కష్టమేమీ కాదు. ఒక సిస్టమ్ ఇంకా సగం మేలుకుని ఉండగా రెండోది దాని ఫైళ్ల మీద చేయి వేయడమే అసలు చిక్కు. అందుకే ఈ మార్గదర్శిలో కాపీ గురించి తక్కువగా, కాపీకి ముందు చేయవలసిన పనుల గురించి ఎక్కువగా ఉంటుంది.

నా కంప్యూటర్‌లో రెండూ ఎందుకున్నాయో కూడా చెప్పాలి. పెళ్లిపత్రికలు, ప్రశ్నపత్రాలు చేసే పేజ్‌మేకర్, అను ఫాంట్లు విండోస్‌లోనే నడుస్తాయి. మిగతా పనులకు నాకు ఉబుంటు హాయి. కాబట్టి రోజుకు రెండు మూడుసార్లు ఇటు నుంచి అటు మారవలసిందే.

ఎవరికి ఎవరి భాష తెలుసు

విండోస్ తన డిస్కు భాగాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో సర్దుకుంటుంది. ఇది 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చింది. ఉబుంటు, మింట్ వంటివి సాధారణంగా ఈఎక్స్‌టీ4 వాడతాయి. అది 2008 నుంచి స్థిరంగా ఉంది. లినక్స్‌కు ఎన్‌టీఎఫ్‌ఎస్ చదవడం, రాయడం రెండూ వచ్చు. ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ అనే డ్రైవర్ 2007 నుంచి ఆ పని చేస్తోంది. 2021లో వచ్చిన 5.15 కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్3 అనే మరో డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది. విండోస్‌కు మాత్రం ఈఎక్స్‌టీ4 అక్షరం ముక్క రాదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ భాగం డ్రైవ్ అక్షరం లేని పెట్టెలా కనిపిస్తుంది. ఖాళీ జాగా అనుకుని దాన్ని చెరిపేసి, ఆ తర్వాత ఉబుంటు ఏమైందని వెతుక్కున్నవారు నాకు తెలుసు.

దీని నుంచి తేలే సూత్రం ఒక్కటే: ఫైళ్లు మార్చే పని ఎప్పుడూ లినక్స్ వైపు నుంచి చేయండి. రెండు భాషలూ వచ్చినవారే దుబాసీ కావాలి.

మొదటి పని: విండోస్‌ను నిజంగా ఆపడం

విండోస్ 8తో 2012లో ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం వచ్చింది. మీరు షట్‌డౌన్ నొక్కినప్పుడు విండోస్ పూర్తిగా దిగిపోదు. తన కెర్నల్ స్థితిని ఒక ఫైలులో దాచుకుని పడుకుంటుంది. మరుసటి రోజు త్వరగా లేవడానికి ఈ ఏర్పాటు. డిస్కులో ఏది ఎక్కడుందో కూడా ఆ జ్ఞాపకంలోనే ఉంటుంది. మధ్యలో లినక్స్ వచ్చి కొత్త ఫైళ్లు రాస్తే, నిద్రలేచిన విండోస్ పాత లెక్కనే నమ్మి వాటి మీద రాసేయవచ్చు. ఈ ప్రమాదం తెలుసు కాబట్టే లినక్స్ ఆ డ్రైవ్‌ను చదవడానికి మాత్రమే ఇస్తుంది, లేదంటే అసలే తెరవదు. మా వాడికి జరిగింది ఇదే. డిస్కు నిక్షేపంగా ఉంది.

ఫాస్ట్ స్టార్టప్‌ను ఇలా తీసేయండి:

1. విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్ తెరిచి పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లండి.
2. ఎడమ పక్కన, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే లంకె ఉంటుంది. దాన్ని నొక్కండి.
3. కింద గడులన్నీ మసకగా ఉంటాయి. పైన ఉన్న నీలి రంగు వాక్యాన్ని నొక్కితే అవి తెరుచుకుంటాయి.
4. ఫాస్ట్ స్టార్టప్ ఎదుట ఉన్న టిక్కు తీసి, సేవ్ నొక్కండి.

ఆ గడి కనిపించకపోతే మీ యంత్రంలో హైబర్నేషనే (స్థితిని డిస్కులో దాచుకుని పడుకోవడం) లేదని అర్థం, దిగులు అక్కర్లేదు. విండోస్ పెద్ద అప్‌డేట్ తర్వాత ఈ టిక్కు మళ్లీ ప్రత్యక్షం కావచ్చు. అప్‌డేట్ అయిన రోజు ఒకసారి తొంగి చూడటం నాకు అలవాటైపోయింది.

సెట్టింగులు మార్చడం ఇష్టం లేకపోతే ఒక దగ్గరి దారి ఉంది. షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ నొక్కి, మెనూ రాగానే ఉబుంటు ఎంచుకోండి. రీస్టార్ట్‌లో విండోస్ పూర్తిగానే దిగిపోతుంది. షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని షట్‌డౌన్ నొక్కినా అంతే. పేరు చూస్తే షట్‌డౌనే పెద్ద విశ్రాంతి అనిపిస్తుంది కానీ, ఇక్కడ వ్యవహారం తిరగబడి ఉంది.

లినక్స్ విషయంలోనూ ఇదే జాగ్రత్త. దాన్ని హైబర్నేట్ చేసి విండోస్‌లోకి వెళ్లి, ఇద్దరూ వాడే డ్రైవ్‌లో రాయకండి.

తాళం వేసిన డ్రైవ్

కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలా వాటికి బిట్‌లాకర్ తాళం మీకు తెలియకుండానే పడి ఉంటుంది. ముఖ్యంగా 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2ను కొత్తగా ఎక్కించి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే డిస్కు తనంతట తానే గుప్తీకరణ అవుతుంది. లినక్స్‌లో ఆ డ్రైవ్ నొక్కగానే పాస్‌వర్డ్ అడిగితే కారణం ఇదే. అది అడిగేది మీ పిన్ నంబరు కాదు. 48 అంకెల రికవరీ కీ. ఆరేసి అంకెల గుంపులు ఎనిమిది, మధ్యలో చిన్న గీతలు. మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి లాగిన్ అయితే అక్కడ దొరుకుతుంది. గీతలతో సహా కొట్టండి.

ఈ కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. అదే ల్యాప్‌టాప్‌లో దాచుకుంటే తాళంచెవిని ఇంట్లోనే ఉంచి తలుపు వేసుకున్నట్టు అవుతుంది.

ఇద్దరికీ ఒక ఉమ్మడి గది

రోజూ అటూ ఇటూ తిరిగేవారు సీ డ్రైవ్‌లో చేయి పెట్టకుండా, రెండు సిస్టమ్‌లూ వాడుకునే పార్టిషన్ (డిస్కు భాగం) ఒకటి వేరుగా చేసుకోవడం మంచిది. విండోస్ భాగాన్ని తగ్గించడం విండోస్‌లోనే చేయాలి. లినక్స్ ఇన్‌స్టాలర్‌తోనూ అవుతుంది కానీ, ఆ ఇంటి గోడలు ఆ ఇంటివారే కదపడం క్షేమం. ముందుగా ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ తీసుకోండి. ఈ మాట అందరూ చెబుతారు, ఎవరూ వినరు. నేనూ వినలేదు, ఆ కథ కింద చెబుతాను.

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. సీ డ్రైవ్ పెట్టె మీద రైట్ క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ ఎంచుకోండి. ఎంత తగ్గించాలో అది ఎంబీలలో అడుగుతుంది. 100 జీబీ కావాలంటే 102400 అని కొట్టాలి. 512 జీబీ డిస్కు ఉన్న విద్యార్థికి ఈ 100 సరిపోతుంది. ఫొటో స్టూడియో వారైతే ఇంకా ఎక్కువ పెట్టుకోవాలి. డిస్కు మధ్యలో కదలని ఫైళ్లు ఉంటే విండోస్ అడిగినంత ఇవ్వదు, ఇచ్చినంత తీసుకోండి. నల్ల గీతతో కనిపించే ఖాళీ భాగం మీద రైట్ క్లిక్ చేసి కొత్త వాల్యూమ్ తయారు చేయండి. ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్, పేరు మీ ఇష్టం. నాది “ఉమ్మడి”. అయ్యాక ఈ కొత్త డ్రైవ్ మీద కూడా తాళం గుర్తు ఉందేమో చూసుకోండి.

ఎన్‌టీఎఫ్‌ఎసే ఎందుకు? మిగిలినవి రెండు. ఎఫ్‌ఏటీ32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. మేడారం జాతర అయ్యాక స్టూడియోల వాళ్లు వీడియోలు కలిపి ఒకే ఫైలుగా చేస్తారు. ఎఫ్‌ఏటీ32 పెన్‌డ్రైవ్‌లో 30 జీబీ ఖాళీ ఉన్నా 6 జీబీ ఫైలు ఎక్కదు. పెన్‌డ్రైవ్ నకిలీదని గొడవకు దిగిన పెద్దమనిషిని నేను చూశాను. ఎక్స్‌ఫాట్‌లో ఆ అడ్డు లేదు. మైక్రోసాఫ్ట్ దాని నిర్మాణ వివరాలు 2019లో బయటపెట్టింది, అదే ఏడాది లినక్స్ కెర్నల్‌లోకి కూడా వచ్చింది. పెన్‌డ్రైవ్‌కు, కెమెరా కార్డుకు అదే నా ఎంపిక. కానీ లోపలి డిస్కుకు కాదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ తాను చేయబోయే మార్పులను ముందు ఒక చిట్టాలో రాసుకుంటుంది. హఠాత్తుగా కరెంటు పోతే ఆ చిట్టా చూసి సర్దుకుంటుంది. ఎక్స్‌ఫాట్‌కు చిట్టా లేదు. పైగా విండోస్ సగం నిద్రలో ఉందని హెచ్చరించి ఆపే కాపలా కూడా ఎక్స్‌ఫాట్‌లో ఉండదు. లినక్స్ నిస్సంకోచంగా రాసేస్తుంది, నష్టం తర్వాత తెలుస్తుంది.

లినక్స్‌లో ఆ గది తలుపు

ఉబుంటులో ఫైల్స్ తెరిస్తే ఎడమ వరుసలోనో, అదర్ లొకేషన్స్ కిందనో మీ ఉమ్మడి డ్రైవ్ కనిపిస్తుంది. పేరు పెట్టకపోతే దాని పరిమాణమే పేరుగా ఉంటుంది. ఒకసారి నొక్కితే తెరుచుకుంటుంది. కంప్యూటర్ పెట్టిన ప్రతిసారీ నొక్కడం విసుగనిపిస్తే డిస్క్స్ అనే ప్రోగ్రామ్ తెరవండి. ఆ పార్టిషన్‌ను ఎంచుకుని, పళ్ల చక్రం గుర్తు నొక్కి, మౌంట్ (డ్రైవ్‌ను వాడుకోవడానికి తెరిచి పెట్టడం) ఆప్షన్లలోకి వెళ్లండి. పైన ఉన్న డీఫాల్ట్ మీటను ఆపితే కింది గడులు తెరుచుకుంటాయి. స్టార్టప్‌లోనే మౌంట్ చేయమన్న టిక్కు ఉంచండి. ఆప్షన్ల వరుసలో “నోఫెయిల్” అనే మాట ఉందో లేదో చూసుకోండి, సాధారణంగా అదే వేస్తుంది. ఆ మాట లేకుంటే ఎప్పుడైనా ఆ డ్రైవ్ తెరుచుకోని రోజున ఉబుంటు కూడా మొదలు కాకుండా నల్ల తెర దగ్గర నిలబడిపోతుంది.

సీ డ్రైవ్‌కు మాత్రం ఈ ఏర్పాటు చేయకండి. అవసరమైనప్పుడు తెరిచి, పని చూసుకుని మూసేయండి. విండోస్‌లోని మీ ఫైళ్లు సీ డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్ లోపల మీ పేరు కింద ఉంటాయి. డెస్క్‌టాప్ ఖాళీగా కనిపిస్తే కంగారు పడకండి. వన్‌డ్రైవ్ వాటిని తన ఫోల్డర్‌లోకి మార్చి ఉండవచ్చు. అక్కడా ఫైలు తెరుచుకోకపోతే అది పేరుకే ఉంది, సరుకు ఇంటర్నెట్‌లో ఉంది. విండోస్‌లోకి వెళ్లి ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ఎప్పుడూ ఈ పరికరంలోనే ఉంచమని చెప్పి, దిగుమతి పూర్తయ్యాక తిరిగి రండి.

ఇక కాపీ

కాపీ చేయండి, కట్ చేయకండి. నా కథ ఇక్కడిదే. ఒక వేసవిలో ఒక సీజన్ పెళ్లిపత్రికల ఫోల్డర్ మొత్తం కట్ చేసి వేరే డ్రైవ్‌లో పేస్ట్ చేశాను. తెర మీద గీత చివరిదాకా వెళ్లింది. అంతలో కరెంటు పోయింది. ఆ రోజుల్లో యూపీఎస్ లేదు. మళ్లీ పెట్టి చూస్తే కొత్త చోట పేర్లున్నాయి, చాలా ఫైళ్ల పరిమాణం సున్నా. పాత చోట అవి లేనే లేవు. వేర్వేరు పార్టిషన్ల మధ్య కట్ చేయడమంటే కాపీ చేసి పాతది చెరపడమే. లినక్స్ రాసినట్టు చూపించినదంతా అప్పటికే డిస్కు మీదకు చేరిందని హామీ లేదు. కొంత ఇంకా మెమరీలో ఉంటుంది. మూడు రాత్రులు కూర్చుని ప్రూఫు కాగితాలు చూసుకుంటూ మళ్లీ టైపు చేశాను.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టాలి. కాపీ చేయాలి. గీత పూర్తయ్యాక ఆ డ్రైవ్ పక్కన ఉన్న పైబాణం గుర్తు నొక్కి అన్‌మౌంట్ చేయాలి. మెమరీలో మిగిలింది ఏదైనా ఉంటే అప్పుడు రాసి ముగిస్తుంది, అందుకే ఒక్కోసారి ఆలస్యం అవుతుంది. తర్వాత మళ్లీ తెరిచి రెండు చోట్లా ఫైళ్ల సంఖ్య, పరిమాణం సరిచూడాలి. రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడాలి. పాతవి చెరపడం మరుసటి రోజు పని.

పరిమాణం సరిచూసేటప్పుడు ఒక మాయ ఉంది. సరిగ్గా 4,29,49,67,296 బైట్ల ఫైలును విండోస్ 4.00 జీబీ అంటుంది, ఉబుంటు 4.3 జీబీ అంటుంది. విండోస్ 1024తో భాగిస్తుంది, ఉబుంటు 1000తో. రెండూ నిజమే చెబుతున్నాయి. ప్రాపర్టీస్‌లో బైట్ల సంఖ్య పోల్చుకుంటే చాలు. వందల ఫైళ్లు రోజూ మార్చేవారికి ఫ్రీఫైల్‌సింక్ బాగుంటుంది. రెండు సిస్టమ్‌లలోనూ నడుస్తుంది, తేడాలున్న వాటినే చూపిస్తుంది.

ప్రోగ్రామింగ్ ప్రాజెక్టు ఫోల్డర్ల విషయం వేరు. లినక్స్‌లోని ఫైలు అనుమతులు ఎన్‌టీఎఫ్‌ఎస్ మీదకు వెళ్తే మాసిపోతాయి, ఫైళ్లన్నీ నడపదగిన ప్రోగ్రాముల్లా కనిపిస్తాయి. అలాంటి ఫోల్డర్‌ను టార్ ఫైలుగా కట్టి, ఆ మూటను మార్చండి. పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ లాంటివి ఉమ్మడి డ్రైవ్‌లో పెట్టి నడపాలని చూడకండి. మా వాడు చూశాడు.

ఉబుంటులోంచి ఉమ్మడి డ్రైవ్‌లోని ఫైలు చెరిపితే అది అదే డ్రైవ్‌లో ట్రాష్ అనే పేరుతో ఒక దాచిన ఫోల్డర్‌లోకి వెళ్తుంది. జాగా ఖాళీ కాదు. ఉబుంటులోనే చెత్తబుట్ట ఖాళీ చేయాలి.

పేర్ల పేచీ

లినక్స్ ఫైలు పేరులో దాదాపు ఏదైనా ఒప్పుకుంటుంది, ఒక్క / తప్ప. విండోస్‌కు : ? * " < > | \ ఇవేవీ గిట్టవు. “ముహూర్తం 10:30” అని లినక్స్‌లో పేరు పెడితే ఆ కోలన్ వల్ల విండోస్‌లో తెరుచుకోదు. కొన్ని అమరికల్లో లినక్స్ ముందే వద్దంటుంది, కొన్నింటిలో రాయనిచ్చేస్తుంది. 10.30 అని చుక్క పెట్టడం మేలు. ఇంగ్లిష్ పేర్లలో పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడాతో రెండు ఫైళ్లు ఉంటే లినక్స్‌కు అవి వేరు, విండోస్ రెంటినీ ఒకటే అనుకుంటుంది. తెలుగులో ఆ బడులు లేవు కాబట్టి ఆ బాధ మనకు లేదు.

మన బాధ మరొకటి. ఈఎక్స్‌టీ4లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు. తెలుగులో ఒక్కో గుర్తు మూడు బైట్లు, పైగా గుణింతం, పొల్లు, ఒత్తు అన్నీ విడిగా లెక్కకు వస్తాయి. “లక్ష్మీ” చూడటానికి రెండక్షరాలే. లోపల ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడిదీర్ఘం కలిపి ఏడు గుర్తులు, 21 బైట్లు. అంటే తెలుగు పేరుకు గరిష్ఠంగా 85 గుర్తులే. విండోస్‌లో 255 గుర్తుల దాకా చెల్లుతుంది. కాబట్టి “చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి” అని మొదలుపెట్టి వధూవరుల పేర్లు, ఊళ్లు, “తుది సవరణ” దాకా సాగదీసిన పత్రిక ఫైలు ఉమ్మడి డ్రైవ్‌లో బాగానే ఉంటుంది, ఉబుంటు హోమ్‌లోకి తెస్తుంటే మాత్రం పేరు మరీ పొడవైందని ఆగిపోతుంది. పేరు కుదించండి, అంతే.

ఫైలు సవ్యంగా వచ్చి లోపల అంతా గజిబిజి ఇంగ్లిష్ అక్షరాలే కనిపిస్తే కాపీ తప్పు కాదు. అను వంటి పాత ఫాంట్లతో టైపు చేసిన పాఠం యూనికోడ్ (ఏ యంత్రమైనా చదవగల ప్రమాణ పద్ధతి) కాదు, ఆ ఫాంటు లేనిచోట ఇలాగే ఉంటుంది. విండోస్‌లోనే పీడీఎఫ్ చేసి తెచ్చుకోండి, లేదా యూనికోడ్‌లోకి మార్చండి.

విండోస్‌లోంచే లినక్స్ ఫైలు కావాలంటే

తప్పనిసరి అయినప్పుడు డిస్క్‌ఇంటర్నల్స్ లినక్స్ రీడర్ వంటి ప్రోగ్రామ్‌తో ఈఎక్స్‌టీ4 ఫైళ్లు చదివి బయటకు తీసుకోవచ్చు. అది రాయదు, అదే దాని మంచి గుణం. విండోస్ 11లో, విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్‌ఎల్‌కు లినక్స్ డిస్కును తగిలించే వీలుంది కానీ, మొత్తం డిస్కునే తగిలించాలి. విండోస్ నడుస్తున్న డిస్కునే తగిలించడం కుదరదు. ఒకే డిస్కు ఉన్న ల్యాప్‌టాప్‌కు అది పనికిరాదు.

అయిదున్నర గంటలు

రెండు సిస్టమ్‌లూ పెట్టిన వారం లోపల దాదాపు అందరూ అడిగే ప్రశ్న: ఉబుంటు వాడి విండోస్‌లోకి వస్తే గడియారం సరిగ్గా అయిదున్నర గంటలు వెనక్కి ఎందుకు పోతుంది? మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ అంతర్జాతీయ సమయం ఉంచుతుంది, విండోస్ దాన్నే స్థానిక సమయం అనుకుంటుంది. మన సమయానికీ దానికీ తేడా 5 గంటల 30 నిమిషాలు. విండోస్ నుంచి ఉబుంటులోకి వస్తే ఇదే తేడా ముందుకు కనిపించవచ్చు. దీనివల్ల ఫైళ్ల తేదీలు తారుమారై, ఏది కొత్తదో ఏది పాతదో తెలియక సింక్ ప్రోగ్రాములు పాత ఫైలును కొత్తదాని మీద రాసే ప్రమాదం ఉంది. లినక్స్‌ను కూడా స్థానిక సమయమే వాడమని ఒక్క ఆదేశంతో చెప్పవచ్చు. లేదంటే సింక్ మొదలుపెట్టే ముందు ఇంటర్నెట్‌కు కలిపి, విండోస్ తేదీ సెట్టింగులలో సింక్ నౌ నొక్కి, గోడ గడియారంతో ఒకసారి సరిచూసుకోండి.

మా వాడి ల్యాప్‌టాప్‌లో ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసి, రీస్టార్ట్ చేసి ఉబుంటులోకి వెళ్లాం. ఫైలు పేస్ట్ అయింది. “ఇంతేనా మామా?” అన్నాడు. తెర మూలన గడియారం వైపు చూపించాను. మధ్యాహ్నం పన్నెండుకు అది సాయంత్రం అయిదున్నర చూపిస్తోంది.